దయమ్మ నింపిన రాతి సందులు

హౌరా పక్కనున్న సంత్రాగాఛిలో తెలుగు చర్చి వాకిట్లో పరిచిన రాతి పలకలు మూడొందల పన్నెండు. ఈ సంగతి చర్చి రిజిస్టర్లో ఉండదు, దయమ్మకి తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆ పలకల మధ్య సందులన్నీ మోకాళ్ళ మీద పాకుతూ నింపింది ఆవిడే మరి. గేటు పక్క గోడకి ఒక పాలరాతి ముక్క తాపారు. ‘ఈ ఆవరణము మేస్త్రి ప్రేమానందం గారిచే పరచబడినది’ అని దాని మీద చెక్కి ఉంటుంది. ప్రేమానందం దయమ్మ మొగుడు, పోయి చాలా ఏళ్ళయింది. రాళ్ళు పరిచింది ఆయనే, కాదనడానికి లేదు. ఆ రాళ్ళని కదలకుండా పట్టి ఉంచింది ఎవరో రాయడానికి పాలరాతి ముక్కలో చోటు చాల్లేదు కాబోలు.

ఆ మాట ఆవిడ నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. అడిగితే చెప్పే మనిషే గాని, తనకై తాను వెళ్ళి చెప్పుకునే మనిషి కాదు. అదే ఆవిడ గొప్పా, అదే ఆవిడ రోగం.

పదిహేడేళ్ళకి బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి హౌరాలో రైలు దిగింది. ప్రేమానందం అప్పటికే రైల్వే క్వార్టర్లు కట్టే కంట్రాక్టరు దగ్గర మేస్త్రి. కొత్త పెళ్ళికూతురి పసుపు బట్టలు మాయకముందే ఆవిణ్ణీ పనిలోకి దింపాడు. మేస్త్రీల కింద చాకిరీ చేసే ఆడమనిషిని అక్కడ కామిన్ అంటారు. కామిన్ ఇటుకలు మొయ్యాలి, సున్నం కలపాలి, సందులు నింపాలి. తాపీ ముట్టకూడదు, గోడ వరస చూసే దారం పట్టకూడదు. ఆడది దారం పడితే గోడ వంకర పోతుందని మగాళ్ళ భయం. మగాళ్ళు పట్టిన దారాలకి వంకర పోయిన గోడలు సంత్రాగాఛిలో ఎన్ని ఉన్నాయో దయమ్మ ఒక్కొక్కటీ చూపించగలదు.

సందుల పని మాత్రం ఆవిడలా చేసిన వాళ్ళు లేరు. సున్నాన్ని పది రోజులకి తగ్గకుండా నీళ్ళలో నాననిస్తుంది. బెంగాలీ వాళ్ళు సుర్కీ అనే ఇటుక పొడిని పాత చీర గుడ్డలో జల్లించి అందులో కలుపుతుంది. కాస్త బెల్లం నీళ్ళు పోస్తుంది. ముద్ద చేసి నొక్కితే వేలి ముద్ర పడాలి, నీరు కారకూడదు. పెట్టెలకి కట్టే ఇనప పట్టీ ముక్కతో సందులోకి అడుగంటా కూరి, తడి గోనెలు కప్పి వారం రోజులు కాపలా కాస్తుంది. వానకి ఆ ముద్ద నీళ్ళు తాగి కిందికి వదిలేస్తుంది. ఎండకి రాయి ఉబ్బితే తాను కాస్త సర్దుకుంటుంది.

నిప్పుకి మాత్రం కాలుతుంది. క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమవిందుకి ఆ వాకిట్లోనే, ఆ పలకల మీదే, ఇటుకలు పేర్చి కట్టెల పొయ్యిలు పెడతారు. నాలుగు గుండిగలు ఎక్కుతాయి. చర్చి వాళ్ళే కాదు, రైలు పట్టాల పక్క గుడిసెల వాళ్ళు కూడా స్టీలు డబ్బాలు పట్టుకుని వస్తారు. ఏడాదికి వాళ్ళకి కడుపు నిండా మాంసం దొరికేది ఆ పూటే. విందు అయ్యాక పొయ్యిల కింద పొడి పొడి అయిన సందుల్ని జనవరి మొదటి వారంలో దయమ్మ గీకి మళ్ళీ నింపుతుంది. ముప్పై ఎనిమిది జనవరులు నింపింది. పొమ్మన్న వాళ్ళు లేరు, రమ్మన్న వాళ్ళూ లేరు.

మొన్నటి వానలకి కాలువ వైపు పలకలు కుంగిపోయాయి. అన్నీ లేపి మళ్ళీ పరిపించాలని కమిటీ తీర్మానించింది. కమిటీ సెక్రటరీ జెఫ్రీ. ప్రేమానందం తమ్ముడి కొడుకు, రైల్వే ఇంజనీరింగ్ ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు వాడికి నీళ్ళు పోసింది దయమ్మే.

ఆ కబురు విన్న రోజునే దయమ్మ ఇంటి వెనక డ్రమ్ములో సున్నం నానబోసింది. డెబ్బై ఒకటో ఏట, మోకాళ్ళు వంగని ఏట. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు వచ్చి, ‘సందుల్లో ఏటి పెడదాం దయమ్మా’ అని అడగాలి. అడిగితే చాలు. కమిటీ కూచున్న ఆదివారం మంచి చీర కట్టుకుని వెనక బెంచీలో చివరిదాకా కూచుంది. టీ ఇచ్చారు, బిస్కెట్లు ఇచ్చారు. అడగలేదు.

పలకలు లేపి పరవడం నవంబరులో మొదలైంది. పని చూడ్డానికి వెళ్ళిన దయమ్మకి జెఫ్రీ ఎదురొచ్చాడు, చేతిలో రెండు డబ్బాలతో.

“పెద్దమ్మా, ఇలగ చూడు. ఈ రెండూ కలిపి సందుల్లో పొయ్యడమే. రెజిన్ అంటారు. ఏక్‌దమ్ రాయిలా అయిపోద్ది. గడ్డి మొలవదు, చీమ దూరదు.”

“కొనీసినాక నాకెందుకు సూపిస్తన్నావురా?”

“నువ్వు సంతోషిస్తావని.”

“సంతోషించినాను.” డబ్బా మూత దగ్గర ముక్కు పెట్టి చూసింది. “ఏటిరా ఈ కంపు? దీనికి నిప్పు తగిల్తే ఏటవుద్ది?”

“నిప్పెందుకు తగుల్తాది? ఇది వాకిలి పెద్దమ్మా, వంటిల్లు కాదు.”

ముప్పై అయిదేళ్ళు ఏటేటా ఆ వాకిట్లో వండిన మాంసం తిన్నవాడి నోట్లోంచి వచ్చిన మాట ఇది! గడ్డి గురించి ఆలోచించారు, చీమల గురించి ఆలోచించారు. పొయ్యిల సంగతి కమిటీలో ఒక్కరికీ తట్టలేదు. పొయ్యి ఎక్కడ పెట్టాలన్నది మగాళ్ళు ఎన్నడూ పట్టించుకున్న విషయం కాదు గదా. దయమ్మ చెబుదామని నోరు తెరిచింది.

ఆ పక్కనే పలకల అంచుల్ని పట్టుకున్న పాత గారని ఉలితో కొడుతున్న మేస్త్రి అభిజిత్ అప్పుడే నడుం పట్టుకుని లేచాడు.

“ఎవరు చేశారో గాని మాసీమా, ఈ సుర్కీ పని! రెండు రోజులుగా కొడుతున్నా ఊడి రాదు. ఇలాంటి చెయ్యి ఇప్పుడు కోల్‌కతాలో లేదు,” అన్నాడు దయమ్మతో బెంగాలీలో.

దయమ్మ జెఫ్రీ వైపు చూసింది. జెఫ్రీ కాస్త గర్వంగా నవ్వాడు.

“మా పెదనాన్నగారు, దాదా. గోడ మీద పేరుంది చూడు.”

దయమ్మ నోరు మూసేసింది.

క్రిస్మస్ వచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికి కుర్రాళ్ళు కట్టెలు, ఇటుకలు మోసుకొచ్చారు. కొత్త వాకిలి అద్దంలా మెరుస్తోంది. పాస్టరు ప్రసన్నకుమార్‌గారు ప్రతి ఏడూ అడిగినట్టే అడిగారు.

“దయమ్మగారూ, వందనాలు. పొయ్యిలెక్కడ పెట్టమంటారు?”

చేతిపంపు పక్కన ఖాళీ నేల ఉంది. నాలుగు పొయ్యిలకీ సరిపడే చోటు. దయమ్మ అటు చూసింది. గోడ మీది పాలరాతి ముక్క వైపు చూసింది.

“ఎప్పుడూ పెట్టే కాడే పెట్టండి బాబూ,” అంది. ఆ మాట అని వెళ్ళి చర్చిలో ముందు వరసలో కూచుంది.

రెండో పాట పూర్తి కాలేదు, కిటికీల్లోంచి కంపు వచ్చింది. రంగు డబ్బా కాలుతున్న కంపు. జనం బయటికి పరిగెత్తారు. పొయ్యిల కింద సందులు బుడగలు లేస్తూ మరుగుతున్నాయి. నల్లటి పొగ గుండిగల చుట్టూ తిరిగి మూతల కిందికి దూరుతోంది. అందరూ చూస్తుండగా ఒక పలక ఠాప్‌మని పగిలింది. సర్దుకోవడానికి సందు లేకపోతే రాయి ఏం చేస్తుంది? పొయ్యి ఒరిగింది, గుండిగ ఒరిగింది. మాంసం కూర కొత్త వాకిలంతా పారింది. మిగతా మూడు గుండిగల్లోనూ అన్నం, కూర, పప్పు అన్నీ ఒకటే కంపు. పాస్టరుగారు ఒక మెతుకు నోట్లో పెట్టుకుని ఉమ్మేశారు.

“పిల్లలకి పెట్టకండి. ఎవరికీ పెట్టకండి.”

బజారు నుంచి రొట్టెలు, అరటిపళ్ళు తెప్పించారు. చర్చి వాళ్ళు ఇళ్ళకి వెళ్ళి వండుకున్నారు. పట్టాల పక్క గుడిసెల వాళ్ళు మాత్రం గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వాళ్ళలో ఏటేటా వచ్చే ఒక ముసలామె దయమ్మని చూసి డబ్బా పైకెత్తింది.

“ఈయేడు లేదేటమ్మా?”

దయమ్మ రెండు అరటిపళ్ళు తెచ్చి ఆ డబ్బాలో పెట్టింది. స్టీలు డబ్బాలో అవి ఎంత చిన్నవిగా కనిపించాయో!

జెఫ్రీ మసి మొహంతో ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“పెద్దమ్మా, నీకు తెల్సు కదా?”

“నన్నడిగినావా?”

“నేనడగలేదు. పాస్టరుగారడిగారు.” వాడి గొంతు లేవలేదు. లేస్తే బాగుండుననిపించింది ఆవిడకి. “మూడొందల మంది పెద్దమ్మా. నా మీద కోపం వాళ్ళ కంచాల మీద సూపించినావా?”

వాడు వెళ్ళిపోయాడు.

కొత్త సంవత్సరం వెళ్ళిన మూడో రోజు జెఫ్రీ ఇంటికి వచ్చాడు. గడపలో నిలబడి, లోపలికి రాకుండా అడిగాడు.

“రెజినంతా గీకించీసినాం. సందుల్లో ఏటి పెడదాం పెద్దమ్మా?”

‘దయమ్మా’ బదులు ‘పెద్దమ్మా’, అంతే తేడా. ఈ మాట ఎప్పుడు వింటానా అని ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళు చూసింది. విన్నాక ఏమేమి అనాలో, ఎంతసేపు బెట్టు చెయ్యాలో కూడా అనుకుని ఉంచుకుంది. అవన్నీ వదిలేసి వాణ్ణి ఇంటి వెనక్కి తీసికెళ్ళి డ్రమ్ము మూత తీసింది. వానాకాలం నుంచి నానిన సున్నం వెన్నలా ఉంది.

జెఫ్రీ దాన్ని చాలాసేపు చూశాడు. “ఇదెప్పుడు నానబోసినావు?”

“మీరు తీర్మానం సేసిన రోజు.”

వాడు మూత మళ్ళీ పెట్టాడు. “అభిజిత్ సెప్పినాడు, పాత పని నీదేనని. ఏటేటా నువ్వు నింపే పొయ్యిల కాడి సందులూ మిగతావీ ఒకే సెయ్యంట. గోడ మీద నీ పేరు కూడా సెక్కిస్తామంటన్నారు కమిటీ వాళ్ళు.”

“ఒగ్గేయ్. నా పేరు సెక్కితే క్రిస్మస్ నాడు నాను సేసింది కూడా కిందన సెక్కాల.”

మర్నాడు ఆవిడ పీట వేసుకుని వాకిట్లో కూచుంది. సుర్కీ జల్లించింది, బెల్లం నీళ్ళు పోసింది. అభిజిత్ కూరుతుంటే చెబుతూ వచ్చింది. “అడుగంటా, అడుగంటా. పైపైన పూస్తే ఏటి లాభం?” నాలుగో వరసకి ఓపిక పట్టలేక పీట తోసేసి, మోకాళ్ళు విరుగుతాయేమోనన్నంత నొప్పితో కిందికి దిగి, ఇనప పట్టీ తానే అందుకుంది.

అప్పుడు పాస్టరుగారు వచ్చి మంచి కబురు చెబుతున్నట్టు చెప్పారు.

“ఇక భయం లేదు దయమ్మగారూ. వచ్చే ఏటి నుంచి పొయ్యిలు పంపు దగ్గరే పెట్టాలని తీర్మానం చేశాం. మీ సందులు ఇంక కాలవు. జనవరిలో మీరు ఈ అవస్థ పడక్కర్లేదు.”

“మంచిది బాబూ,” అంది దయమ్మ. తల ఎత్తలేదు. బొటనవేలితో ముద్దని నొక్కి చూసింది. ముద్ర పడింది, నీరు కారలేదు. తడి గోనె లాగి దాని మీద కప్పింది.