కింది వైపు చూసే మా బావమరిది

మా బావమరిది ఏ వస్తువునైనా బోర్లించి చూడందే నమ్మడు. కుర్చీ చూపిస్తే తిరగేసి కాళ్లు చూస్తాడు. కంచం పెడితే తిరగేసి అడుగు చూస్తాడు. అందుకే మా ఇంట్లో వాడి తనిఖీ అయ్యాకే వడ్డన. చెప్పుల కొట్లో అరగంట అడుగు అట్టలు నిమిరి, డబ్బు కట్టేశాక అవి తన కాళ్లకి పట్టవని తెలుసుకున్న ఘనుడు. పిల్లలు వాడికి బోర్లా మామయ్య అని పేరు పెట్టారు. వాడికి కోపం లేదు.

"పై వైపు అమ్మేవాడు చూసుకుంటాడు బావా. కింది వైపు మనం కాకపోతే ఎవరు చూస్తారు?" అంటాడు.

నా పదవీ విరమణ సభ సంగతి చెప్పాలి. ఊరిబడి చదువుతో వచ్చి, గిడ్డంగిలో బస్తాలు లెక్కపెట్టే పనిలో చేరి, చివరికి అదే గిడ్డంగికి అధికారిగా దిగిపోయినవాణ్ణి నేను. నా హయాంలో ఒక్క బస్తా తడవలేదు. సరిగ్గా ఈ మాటే వేదిక మీద ఒకాయన చెబుతుండగా, దండతో కూర్చోబోయిన నా వెనక కుర్చీ మాయమైంది. తిరిగి చూస్తే వీడు దాన్ని తలకిందులు చేసి తడుముతున్నాడు.

"మేకు లేచింది బావా. ఇంకోటి తెప్పిద్దాం."

సభంతా నవ్వింది. నా కొత్త బట్టలు చిరగకుండా బయటపడ్డాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు, నాకూ పట్టలేదు.

అలాంటివాడు మా ఆవిడకి డాన్స్ ప్యాడ్ కొనిపెడతానని బయల్దేరాడు.

డాన్స్ ప్యాడ్ అంటే నేలమీద పరిచే చాప లాంటిది. దాని మీద నాలుగు వైపులా బాణం గుర్తులుంటాయి. టీవీలో పాట వస్తుంటే, తెర మీద ఏ బాణం వెలిగితే ఆ గడి మీద దరువు తప్పకుండా కాలు వెయ్యాలి. మనవరాలు ఆడి వదిలేసిన ఆట ఇది. మా ఆవిడకి మోకాలు పట్టేసి, తనూ ఉద్యోగం మానేశాక కుర్చీకే అతుక్కుపోయి, నవ్వడం కూడా తగ్గించేసిన రోజుల్లో డాక్టరు, కాళ్లు కదిలించమన్నాడు. వీధిలో నడవమంటే సిగ్గంది. ఈ చాప ఎక్కాక మాత్రం దిగలేదు. నెల తిరిగేసరికి వంటింట్లో కూనిరాగాలు మొదలయ్యాయి.

ఒకనాడు మధ్యాహ్నం కింది వాటాలో ఉండే బేకరీ ఆయన తలుపు తట్టాడు. రాత్రంతా బట్టీ దగ్గర నిలబడి పగలు పడుకునే మనిషి.

"అమ్మా, పైన ఏమన్నా దంచుతున్నారా? కాస్త మెల్లగా దంచుకుంటే..." అన్నాడు, మర్యాదగానే.

మా ఆవిడ చాప చుట్టి మంచం కిందకి తోసేసింది. కూనిరాగం ఆగిపోయింది. మళ్లీ కుర్చీ.

వారం తర్వాత వచ్చిన బావమరిదికి నేనీ సంగతి చెప్పాను. వాడు మంచం కిందనుంచి చాప లాగి, అలవాటుగా తిరగేశాడు.

"ఇది నున్నగా ఉందక్కా. జారుతుంది. నీ మోకాలికి పనికిరాదు, మంచిది కొందాం."

"నాకొద్దురా. ఆయన నిద్ర చెడగొట్టి నేను గంతులెయ్యాలా?"

"నిద్ర సంగతి నేనెత్తానా? జారుడు సంగతి చెబుతున్నా. ఆయన లేచాక సాయంత్రం పూట చూద్దువుగాని."

నన్ను వెంటేసుకుని కొట్టుకెళ్లాడు. అక్కడి కుర్రాడు రకరకాలవి పరిచాడు. పల్చటివి, లోపల స్పాంజి ఉన్నవి, అన్నిటికీ పెద్దగా ఒక ఇనుప ప్యాడ్.

"బాణాలకి లైట్లు కూడా వెలుగుతాయి సార్," అన్నాడు.

"కింద ఏముంది?"

"కింద... నేలే సార్."

నాకు ఇనుపది నచ్చింది. మన హోదాకి తగినట్టుంది. మా వాడు మాత్రం బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించాడు.

"బావా, ఎక్కి గెంతు."

"ఇంతమందిలోనా?"

"బళ్లో పరుగుపందెం కప్పు కొట్టింది నువ్వే కదా?"

కప్పు మాట ఎత్తాక కాదనలేకపోయాను. గెంతాను. కొట్టు దద్దరిల్లింది. ఎవరో పడిపోయారనుకుని క్యాషియరు నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మా వాడు ఆ నీళ్లు తాగి, "పిడుగు పడ్డట్టుంది, వద్దు" అన్నాడు.

స్పాంజి ప్యాడ్ ఒకటి ఇంటికి తెచ్చాం. సాయంత్రం మా ఆవిడ దానిమీద నిలబడింది. పాట మొదలైంది, వాడు మాయం. పాట అయ్యాక వచ్చి, "పట్టు చాల్లేదక్కా" అని వాపసు తీసుకెళ్లాడు. మర్నాడు ఇంకా మందమైనది. మళ్లీ అదే వరస. ఈసారి తిరగేసి, అడుగున రబ్బరు పట్టా ఒకటి పరిచాడు. మళ్లీ పాట, మళ్లీ మాయం.

తెచ్చినవాడు చూడకుండా ఎక్కడికి పోతున్నాడని వెనకే దిగాను. కింది వాటా తలుపు తీసే ఉంది. బేకరీ ఆయన మంచం మీద మా వాడు వెల్లకిలా పడుకుని పైకప్పు వంక చూస్తున్నాడు. పక్కన కుర్చీలో ఆయన, పనికి వెళ్లే ముందు టీ తాగుతున్నాడు.

"ఎడమది ఆగింది. కుడిది ఇంకా కాస్త వినపడుతోంది," అన్నాడు బేకరీ ఆయన.

"ఎడమ మోకాలు కదండీ నొప్పి. బరువంతా కుడికాలు మీదే వేస్తుంది. అటు ఇంకో పట్టా వెయ్యాలి."

నేను నోరు తెరవబోయాను. వాడు వేలు పైకి చూపించాడు.

"మెల్లగా బావా. అక్కకి వినపడితే ఇక ఎక్కదు."

"ఇదంతా దానికి చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే ఆట మానేసి, ఏ కాలు చప్పుడవుతోందా అని చూసుకుంటుంది. జారుతోందన్నాను, నమ్మింది. నేను సరుకు వాపసివ్వడం ఎవరికి వింత?"

నేను మెల్లగా మెట్లెక్కాను.

కిందనుంచి ఎవరూ రాకపోవడంతో ఆవిడ మెల్లగా మధ్యాహ్నాలు కూడా చాప ఎక్కడం మొదలుపెట్టింది. పది రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం, మా ఆవిడ పాట మధ్యలో ఉండగా తలుపు చప్పుడైంది. ఎదురుగా బేకరీ ఆయన. ఆవిడ చెయ్యి రిమోట్ మీదకి పోయింది.

"అమ్మా, ఈమధ్య పైన చప్పుడే లేదు. ఒంట్లో బాగానే ఉందా అని..." అంటూ చేతిలో రొట్టె చూపించాడు. ఆ నటనకి నా కప్పు ఇచ్చేయొచ్చు.

"నేనా? ఇప్పటిదాకా ఆడుతూనే ఉన్నానండీ," అంది ఆవిడ, నుదుటి చెమట తుడుచుకుంటూ.

"నిజమా? నాకు మెలకువే రాలేదే."

ఆవిడ నావైపు తిరిగింది. "విన్నారా? నా కాలు ఎంత తేలికపడిందో."

నా కప్పు గురించి, తడవని బస్తాల గురించి అడగనివాళ్లకి కూడా చెబుతాను నేను. ఆ రోజు మాత్రం, "అవును, తేలికపడింది" అని ఊరుకున్నాను.

మూలనున్న మా బావమరిది అప్పటికే రొట్టె బోర్లించాడు. "అడుగు మాడలేదక్కా," అన్నాడు తృప్తిగా.

"ఒరేయ్, ఆయన ముందు కూడానా," అని కసిరి, ఆవిడ అతిథికి కుర్చీ లాగింది. మా వాడు చెయ్యి చాపేలోగా నేనే అందుకుని, తిరగేసి, నాలుగు కాళ్లూ తడిమి కింద పెట్టాను.

"కూర్చోండి. మేకులేం లేవు."