చైనా గుడిలో విభూతి

ఆ రోజుల్లో నేను పాముకి భయపడలేదు, సాలీడుకి భయపడలేదు, వీసా అన్న మాట వింటే మాత్రం అన్నం సహించేది కాదు. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ చదువు అయిపోయి, ఊరి శివార్లలోని ట్రుగనీనాలో మరో ముగ్గురమ్మాయిలతో ఉంటుంటే, దొరక్క దొరక్క దొరికిన మొదటి ఉద్యోగం కొలతల టేపు రెండో కొస పట్టుకోవడం. మొదటి కొస మా బాస్‌ది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు. పాత చైనా గుళ్ళంటే ఆయనకి ప్రాణం. ఎక్కడున్నా వెళ్ళి స్తంభం స్తంభం కొలిచి బొమ్మలు గీసిపెట్టేవాడు. ఆయన్ని నేను (మనసులోనే లెండి) టేపు తాత అని పిలుచుకునేదాన్ని.

ఒకప్పుడు బంగారం తవ్వుకోడానికొచ్చిన చైనావాళ్ళు కట్టుకున్న చిన్న ఎర్రగుడి ఒకటుంది. దాన్ని కొలవనివ్వండి అని తాత ఆరేళ్ళు ఉత్తరాలు రాస్తే, తాళాలు చూసుకునే చైనా ఆంటీ చివరికి మూడు రోజులు ఒప్పుకుంది. షరతు ఒక్కటే. "దేవుడి ముందున్నది ఏది కదిలినా ఆ నిమిషమే బయటికి." కారులో దారి పొడుగునా తాత నాకు అదే పాఠం చెప్పాడు.

మూడో రోజు మధ్యాహ్నం తాత బయట చూరు కొలుస్తున్నాడు. లోపల నేనొక్కదాన్నే. ఎదురుగా ఎర్రమొహం, నల్లగడ్డం ఉన్న దేవుడు, ఆయన ముందు ఇత్తడి పాత్ర నిండా అగరొత్తుల బూడిద. దండం పెట్టుకున్నాను. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నా చెయ్యి నన్నడగలేదండీ! చిన్నప్పట్నించీ శివాలయంలో చేసే పనే చేసింది. రెండు వేళ్ళు బూడిదలో ముంచి నుదుటికి పెట్టేసింది. 'వీసా ఇప్పించు స్వామీ' అని కూడా అనుకున్నాను.

కళ్ళు తెరిస్తే, తరాల తరబడి పేరుకున్న బూడిదలో రెండు గుంటలు! చదునవుతుందేమోనని ఊదాను. (ఆర్కిటెక్చర్ చదివిన తెలివి ఇది.) సగం నా కళ్ళలో పడింది, సగం బల్ల మీద పడింది, గుంటలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. నా ఉద్యోగం పోతే పోయింది, ఆ పెద్దాయన ఆరేళ్ళ కష్టం అక్షరాలా బూడిదలో పోసిన పన్నీరు చేశాను కదా అని ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఆంటీ, వెనకాల తాత. ఆంటీ పాత్ర చూసింది. తర్వాత నా నుదురు చూసింది. ఇంక బుకాయించడానికేముంది?

"సారీ ఆంటీ! మా ఊళ్ళో ఇలాగే పెట్టుకుంటాం. తప్పు నాది. ఆయన్ని మాత్రం పంపెయ్యకండి, ప్లీజ్!"

తాత మొహంలో నెత్తురు లేదు.

"ఏమైనా కోరుకున్నావా?" అంది ఆంటీ.

"వీసా..."

"అయితే అది వచ్చాక మళ్ళీ వచ్చి ఆయనకి చెప్పాలి. అడిగి, పుచ్చుకుని, రాకపోతే ఊరుకోడు. ముందు ఆ బల్ల తుడువు."

మొక్కు తీర్చుకోమంటోంది! అచ్చం మా అమ్మమ్మలాగే. బల్ల తుడుస్తూ ఇంకా ఏడ్చాను. తాత వచ్చి టేపు కొస నా చేతికిచ్చాడు.

వీసా వచ్చింది. నారింజపళ్ళు పట్టుకెళ్ళి ఆ దేవుడికి చెప్పొచ్చాను. తాత గీసిన బొమ్మల పుస్తకం ఇప్పుడు నా ఆఫీసులో ఉంది. ఉన్నది ఉన్నట్టు గీసే మనిషి కదా, ధూపపాత్ర బొమ్మలో ఆ రెండు గుంటలూ గీశాడు, పక్కనే కొలత కూడా వేశాడు. లోతు పద్దెనిమిది మిల్లీమీటర్లట! అంత పిరికిపిల్ల అంత లోతుగా వేళ్ళెలా ముంచిందో అని నవ్వొస్తుంది, ఆ పిల్ల మీద జాలీ వేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి "సైట్‌లో ఏదీ ముట్టుకోకూడదు" అని గట్టిగా చెప్తుంటాను. చెప్పేముందు ఆ గుంటలున్న పేజీ మాత్రం మూసేస్తాను.