బాబా మంచం దగ్గర దుకాణం మాట

ముహర్రక్‌లో మాకో టైలరింగ్ దుకాణం ఉండేది. కుట్టేది మేము, అద్దె కట్టేది మేము, ఓవర్‌లాక్ మిషను చెడిపోతే బాగుచేయించేదీ మేమే. లైసెన్సు మాత్రం మా కఫీల్ పేరున, అంటే మాకు పూచీ ఉన్న అక్కడి పౌరుడి పేరున ఉండేది. తొంభైల్లో బహ్రెయిన్‌లో మాలాంటి చిన్న దుకాణదారులందరిదీ ఇదే పద్ధతి. అక్కడి మనిషి ఒకాయన పేరు పెట్టుకోవడం, నెలనెలా ఆయనకు ఇంతని ముట్టజెప్పడం, మన వ్యాపారం మనం చేసుకోవడం. అంతా నోటిమాటే. ఆదాయప్పన్ను లేని దేశమని మావాళ్ళంతా తెగ మురిసిపోయేవారు. పన్ను కట్టనివాడి దగ్గర ఇది నాదని చూపించుకోవడానికి ఒక్క రసీదైనా ఉండదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మా కఫీల్‌ని మేము బాబా అనేవాళ్ళం. కుర్రతనంలో ముత్యాల వర్తకుల వెంట బొంబాయి వెళ్ళొచ్చాడట, హిందీ బాగా మాట్లాడేవాడు. గురువారం సాయంత్రం వచ్చి, స్టూలు మీద కూర్చుని టీ తాగి, మా ఆయన వేసిన కాలర్లకు వంకలు పెట్టి వెళ్ళేవాడు. నన్ను బింతీ అని పిలిచేవాడు, అంటే కూతురా అని. అంత మంచి మనిషి దగ్గర కాగితమెందుకని మా ఆయన అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

పక్క సందులో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకతను లాండ్రీ నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే మా గుమ్మంలో కూలబడ్డాడు.

"మా కఫీల్ సచ్చిపోయిండు వదినా. గాయిన కొడుకులొచ్చి దుకాణానికి తాళమేసిన్రు. మిషన్లు నావే సార్ అంటే, కాగితం సూపియ్యిమన్నరు. ఏం సూపియ్యాలె?"

తాళం తెరవలేదు. వాటాలు పంచుకునేటప్పుడు అతని మిషన్లు కూడా ఆ పెద్దాయన ఆస్తిలోనే పోయాయి. అతను ఒక్క సంచితో విమానం ఎక్కాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే బాబా ఛాతీలో నెమ్ము చేరి ఆసుపత్రిలో పడ్డాడు. ఆ కబురు వినగానే నాకు ముందు గుర్తొచ్చింది బాబా కాదు, లాండ్రీకి వేసిన తాళం. నాకే నా మీద అసహ్యం వేసింది. అయినా ఆ తాళం కళ్ళముందు నుంచి పోలేదు.

"వెళ్ళి అడుగుదాం" అన్నాను మా ఆయనతో.

ఆయన కత్తెర కింద పెట్టేశారు. "నీకేమన్నా మతిపోయిందా? మంచాన పడ్డ మనిషి దగ్గరికెళ్ళి, నువ్వు పోతే మా దుకాణం గతేంటని అడుగుతామా? ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?"

"ఆయన పోయాక ఆయన కొడుకుల్ని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? అప్పుడేం చేస్తారు?"

ఆయన కత్తెర పక్కకు నెట్టి చొక్కా తొడుక్కున్నారు. మా ఇళ్ళల్లో జ్వరంతో ఉన్నవాళ్ళ ముందు వీలునామా అన్న మాటే ఎత్తరు. ఎత్తితే చావుకు పిలుపు పంపినట్టే. ఆయన పెరిగింది అలాగే, నేను పెరిగిందీ అలాగే. కాకపోతే నాకు కోపం ముందొస్తుంది, భయం తర్వాతొస్తుంది. వంతెన దాటి ఆసుపత్రి చేరేదాకా టాక్సీలో ఆయన నాతో మాట్లాడలేదు.

బాబా సగానికి సగం అయిపోయి ఉన్నాడు. కిటికీ పక్కన ఆయన పెద్దకొడుకు తస్బీ పూసలు జపిస్తూ తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం, మా దుకాణం గడప ఎప్పుడూ తొక్కలేదు. క్షేమం అడగడం అయిపోయింది. తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టాను. మా ఆయన నేలచూపులు చూస్తున్నారు.

"బాబా, దుకాణం గురించి..." అన్నాను.

కొడుకు తస్బీ ఆపాడు. "ఆయనకు ఆయాసంగా ఉంది. అవన్నీ తర్వాత."

తర్వాతంటే ఎప్పుడో నాకు తెలుసు. "ఇప్పుడే కావాలి" అన్నాను. లాండ్రీ సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. బాబా నన్నే చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో కోపం స్పష్టంగా కనిపించింది. అయిపోయింది, దుకాణంతో పాటు ఈ మనిషి అభిమానం కూడా పోయిందనుకున్నాను.

"ఇన్నేళ్ళూ ఎందుకడగలేదు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మీ సొమ్ము నా దగ్గర అమానత్‌గా, నమ్మి అప్పగించిన సొత్తుగా ఉంది. అది రాసిపెట్టకుండా నేను పోతే పైన జవాబు చెప్పుకోవాల్సింది నేను. నేను మరిచాను సరే, మీరేం చేస్తున్నారు?"

మేము అశుభమని నోరు నొక్కుకున్న మాట ఆయన దృష్టిలో తీర్చుకోవాల్సిన బాధ్యత. కొడుకును కాగితం తీయమన్నాడు. కొడుకు పెన్ను తీశాడు గానీ రాయలేదు.

"బాబా, అది మెయిన్ రోడ్డు మీది దుకాణం. తమ్ముళ్ళకూ వాటా ఉంది. వాళ్ళనడగకుండా ఎలా?"

"లైసెన్సు నాది. మిషన్లు నావా? నువ్వెప్పుడైనా ఒక్క సూది కొన్నావా అక్కడికి?" దగ్గు తెర వచ్చింది. నర్సు పరుగున వచ్చి మమ్మల్ని బయటికి వెళ్ళమంది. బాబా చెయ్యెత్తి ఆపాడు. ఊపిరి అందక మొహం నల్లబడింది. ఈ దుకాణం కోసం మనిషిని చంపేస్తున్నానా అనుకున్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని లాగుతున్నారు. నేను కదల్లేదు.

"అప్పులూ అమానత్‌లూ తీర్చాకే వాటాలు. ఈ సంగతి నీకు నేను నేర్పాలా? రాయి" అన్నాడు బాబా కొడుకుతో.

కొడుకు రాశాడు. దుకాణంలోని మిషన్లు, బట్ట, సామాను మావని, లైసెన్సు తన పేరుకు మారినా మమ్మల్ని కదపనని. పక్క మంచం ఆయన్ని చూడటానికొచ్చిన ఇద్దరు సాక్షి సంతకాలు చేశారు. బాబా సంతకం చేస్తుంటే కొడుకే అట్ట పట్టుకున్నాడు.

నేను బయల్దేరబోయాను. బాబా మా ఆయన వైపు తిరిగాడు.

"ఇప్పుడు నీ వంతు. నువ్వు పోతే దుకాణం ఎవరిది? ఈమెదా, మీ అన్నదా?"

మా ఇళ్ళల్లో మగవాడు పోతే పెత్తనం బావగారికి పోవడం మామూలే, ఎవరూ ఏమీ అడగరు. బాబాకు ఆ సంగతి ఎలా తెలిసిందో. నేను మాత్రం "ఆయన గురించి అలా అనకండి, వద్దు వద్దు" అని తెలుగులోనే కేకపెట్టి మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. వార్డంతా మా వైపు చూసింది.

తెలుగు రాకపోయినా బాబాకు అర్థమైంది. దగ్గుతూనే నవ్వాడు. "నా చావు సంగతి మాట్లాడటానికి టాక్సీ కట్టించుకుని వచ్చావు బింతీ. నీ మొగుడికి మాత్రం చావు లేదా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మా ఆయన నా చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టారు. టాక్సీలో నోరు విప్పని మనిషి, మంచాన పడ్డవాళ్ళ ముందు ఆ మాట ఎత్తకూడదన్న మనిషి, బాబా కొడుకు రాస్తుండగా హిందీలో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పారు. "నేను పోయాక దుకాణం, అందులో ఉన్నదంతా నా భార్యది. ఇంకెవరికీ లేదు." సంతకం చేసి, తెలుగులో నన్నడిగారు. "విన్నావా? అంతా నీకే."

"వినలేదండీ" అన్నాను. ఏడుపులో నాకు నిజంగానే సగం వినిపించలేదు. 'నేను పోయాక' అన్న మాట మళ్ళీ చెప్పమని మాత్రం అడగలేకపోయాను.