గిల్లుడు బావ ప్యాడ్ల ఎంపిక

ఆ కార్ల షెడ్డులో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. యజమాని ఆయన భార్యకు స్వయానా తమ్ముడు కాబట్టి ‘బావా’ అన్నాడు. యజమానికి బావ అయితే ఊరందరికీ బావే కాబట్టి పెయింటరూ, కార్లు కడిగేవాళ్ళూ, ఆఖరికి టీ తెచ్చే ముసలావిడ కూడా అదే వరస కలిపేశారు. ముందున్న ‘గిల్లుడు’ అన్న బిరుదు మాత్రం ఆయన స్వార్జితం.

పాలిష్ మిషనుకు తగిలించే స్పాంజి ప్యాడ్‌ని ఆయన గిల్లందే వాడడు. గట్టి ప్యాడ్ రంగు మీది గీతల్ని కోస్తుంది, మధ్యరకంది ఆ కోత మచ్చల్ని సర్దుతుంది, మెత్తది చివర్న నిగ్గు తేలుస్తుంది. ఇంతవరకూ దారిన పోయే దానయ్య కూడా చెబుతాడు. కానీ ఒకే పెట్టెలోంచి వచ్చిన రెండు మెత్తటి ప్యాడ్లలో ఏది ఎండకు చచ్చిన పాత రంగుకు పనికొస్తుంది, ఏది నిన్నగాక మొన్న వేసిన కొత్త రంగుకు పనికొస్తుంది అన్నది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తేల్చడం ఆయనకే చెల్లింది. ప్యాడ్‌ని అంచు దగ్గర పట్టుకుని, కళ్ళు మూసుకుని, గిల్లి, వదిలి, అది మళ్ళీ లేచి నిలబడే తీరు గమనించేవాడు. నాడి పట్టిన వైద్యుడు కూడా అంత గంభీరంగా ఉండడు. ఆ తర్వాత ‘ఇదీ’ అనో, ‘ఊహూఁ’ అనో తీర్పు వెలువడేది. దాని మీద అప్పీలు లేదు.

అలాంటి తీర్పులిచ్చే వేళ్ళు చచ్చుబడుతున్నాయని మొదట పసిగట్టినవి ఆయన చొక్కా గుండీలు. ఓ ఉదయం పైగుండీ కాజాలోకి దూరనని మొరాయించింది. తర్వాత దాని కింది గుండీకి కూడా ఆ దుర్బుద్ధే పుట్టింది. కొన్నాళ్ళు ఆయన కుట్టినవాణ్ణి తిట్టుకున్నాడు, ఇంకొన్నాళ్ళు ఉతికిన భార్యను తిట్టాడు. భార్య తిట్లు పడే మనిషి కాదు. ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఏళ్ళ తరబడి మిషను అదురు వేళ్ళ నరాల్ని తినేసిందనీ, ఇప్పుడైనా మిషను వదిలేస్తే మిగిలింది నిలబడుతుందనీ, పోయింది మాత్రం రాదనీ డాక్టరు చెప్పాడు. ఆయన మొదటి సగం విననట్టూ, రెండో సగం అర్థం కానట్టూ ఇంటికొచ్చాడు.

“మా తమ్ముడికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?” అంది భార్య, ఆయన చొక్కా గుండీలు పెడుతూ.

“ఏమని చెప్తావ్? మీ బావ వేళ్ళు మొద్దుబారాయి, బుర్ర ఎటూ ముందునించీ అంతేననా?”

“బుర్ర సంగతి వాడికి మన పెళ్ళినాడే తెలుసు. వేళ్ళ సంగతే చెప్పాలి.”

తన హాస్యానికి తనే నవ్వుకునే అలవాటున్న మనిషి, ఆమె హాస్యానికి నవ్వలేకపోయాడు. “ఆ మిషను లేకపోతే నేనేంటే?” అన్నాడు. ఆమె ఆఖరి గుండీ పెట్టి, కాలరు సరిచేసి, పంపించింది.

అప్పట్నించీ ఆయన రంగుల్ని నమ్ముకున్నాడు. ఆ షెడ్డుకి ఎప్పుడూ ఒకే కంపెనీ ప్యాడ్లు వచ్చేవి. పసుపుది గట్టిది, నారింజది మధ్యరకం, నల్లది మెత్తది. ఈ మాత్రం తెలియడానికి వేళ్ళతో పనేముంది? ఆయన మునుపటిలాగే కళ్ళు మూసి, గిల్లి, తల పంకించి, తీర్పిచ్చేవాడు. తీర్పు మాత్రం కళ్ళు మూయకముందే అయిపోయేది. మిషను కింద రేకు వేడెక్కిందేమో అని మునుపు అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఇప్పుడూ ఆనించేవాడు. ఆ చెయ్యి కూడా ఏమీ చెప్పేది కాదు. ఇలా ఎవరికీ నష్టం లేకుండా కొంతకాలం గడిచింది. అబద్ధానికి కూడా అనుభవం వస్తే పని చక్కగానే చేస్తుంది.

ఎర్రదీపం అంటే ఏ రోడ్డు మీదైనా ఆగమనే. ప్యాడ్ల లోకంలో అలాంటి ఒడంబడిక లేదు. ఏ కంపెనీవాడికి ఏ రంగు ముద్దొస్తే ఆ రంగు ఆ మెత్తదనానికి పులుముతాడు. పాత సరుకు దొరక్క బావమరిది వేరే కంపెనీ పెట్టె తెప్పించాడు. అందులోనూ పసుపు, నారింజ, నలుపే ఉన్నాయి. కాకపోతే వీళ్ళ లెక్కలో నల్లదే అన్నిటికన్నా గట్టిది. ఆ సంగతి ప్రతి ప్యాడ్ వెనకా చిన్న అక్షరాల్లో రాసే ఉంది.

ఆ రోజు షెడ్డులో ఉన్నది బట్టలు కుట్టే ఒకావిడ కారు. నల్లది, చాలా చేతులు మారింది, ఆవిడకు మాత్రం జీవితంలో మొదటిది. ఎన్నోసార్లు పాలిష్ తిని పైపూత పల్చబడి ఉంది. ‘చిక్కిపోయిన కారు, జాగ్రత్త’ అని ఆయనే అందరికీ చెప్పాడు. అంచులు సున్నితం కాబట్టి వాటికి టేపు అంటించి, పాత ప్యాడ్లతో గీతలు తీశాడు. ఆఖరి మెరుగు మెత్తటి ప్యాడ్‌తో కాబట్టి, అంచులక్కూడా మెరుగు అందాలి కాబట్టి, టేపు పీకేశాడు. అది ఎప్పుడూ చేసే పద్ధతే. పాత నల్ల ప్యాడ్ పీలికలైపోయి ఉంది. కొత్త పెట్టె తెరిచారు.

ఆయన చెయ్యి నల్లదాని మీదికి వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. కొత్త కంపెనీ. తిరగేసి చదివితే తేలిపోతుంది. కానీ పక్కన బావమరిది ఉన్నాడు, పెయింటరు ఉన్నాడు, కారు చూసుకుందామని వచ్చిన ఆవిడ ఉంది.

“చూడమ్మా, మా బావ గిల్లితే ప్యాడ్ నిజం చెప్పాల్సిందే,” అన్నాడు బావమరిది గర్వంగా.

“మేమూ బట్టని అలాగే చూస్తాం,” అంది ఆవిడ, ఆయన చేతివంక ఆసక్తిగా చూస్తూ.

ఇంత సభలో ప్యాడ్ వెనక్కి తిప్పి అక్షరాలు కూడబలుక్కోవడం ఆయన వల్ల కాలేదు. కళ్ళు మూసుకున్నాడు. గిల్లాడు. వేళ్ళ మధ్య ప్యాడ్ ఉందో, గాలి ఉందో, భగవంతుడికే తెలియాలి.

“ఇదీ,” అన్నాడు.

మిషను తిరిగింది. బానెట్ మధ్యలో బాగానే సాగింది. గట్టి ప్యాడ్ మిషనును లాగే తీరు వేరు, మణికట్టుకు తెలుస్తుంది, తెలిసే మణికట్టు ఉంటే. అంచు దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే కాస్త ఎక్కువసేపు నిలిచాడు. అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు కూడా. ఆనించిన చోటే మళ్ళీ మిషను పెట్టాడు. పెయింటరు ‘బావా, బావా’ అంటూ వచ్చి వైరు పీకేసరికి, నల్లటి అంచు మీద జానెడు పొడవున లోపలి తెల్లపూత బయటపడి ఉంది.

కుట్టే ఆవిడ దగ్గరికి వచ్చి తెల్లగా తేలినచోట వేలు పెట్టి చూసి, చురుక్కుమనడంతో తీసేసుకుంది. ఆయన చెయ్యి ఇంకా దాని పక్కనే ఆని ఉంది.

బావమరిది ఒక్క మాట తూలలేదు. బానెట్‌కు తన ఖర్చుతో రంగు వేయిస్తానన్నాడు. ప్యాడ్ తిరగేసి చదివి, తప్పంతా కంపెనీవాడిదే అని తేల్చాడు. రంగులిలా తారుమారు చేస్తే మా బావేం చేస్తాడమ్మా అని ఆవిడకు సర్దిచెప్పి పంపించాడు. ఇకమీదట ఏ పెట్టె వచ్చినా బావ గిల్లి ఒప్పుకుంటేనే లోపల పెట్టించాలని అక్కడికక్కడే చట్టం కూడా చేశాడు. ఆయనకు అంత గౌరవం అంతకుముందెప్పుడూ దక్కలేదు.

పెయింటరు తన పనిముట్లు సర్దుకుంటూ, అలవాటైన వెక్కిరింత గొంతుతోనే అన్నాడు: “రంగులు మారితే మాత్రం ఏంటంట? బావ రంగు చూసి తీశాడా? గిల్లే కదా తీశాడు?”

అన్నాక ఆ మాట తనకే వినపడ్డట్టుంది, ఆగిపోయాడు. బావమరిది వాణ్ణి నోరుముయ్యమన్నాడు. కానీ నోరు మూయించినంత తేలిగ్గా ప్రశ్నని మూయించలేం. అది ముగ్గురి మధ్యా అలాగే నిలబడింది.

“నాకు తెలీట్లేదురా,” అన్నాడు ఆయన చివరికి. “చాన్నాళ్ళైంది. మీ అక్కకి తెలుసు.”

బావమరిది నవ్వబోయి, బావ మొహం చూసి, సగంలో ఆపాడు. “ఊరుకో బావా,” అన్నాడు. నమ్మకపోవడం ఒక్కటే అప్పుడు తాను చేయగల మర్యాద అనిపించిందేమో, గట్టిదొకటీ మెత్తదొకటీ తెచ్చి, కళ్ళు మూసుకోమని, రెండు చేతుల్లో పెట్టాడు. “చెప్పు.”

గిల్లుడు బావ తన పద్ధతి ప్రకారం గిల్లాడు, వదిలాడు, మళ్ళీ గిల్లాడు. చాలాసేపు తీసుకున్నాడు. ఏదో ఒక మూల, ఏ ఒక్క నరమైనా, పాత స్నేహం కొద్దీ ఒక మాట చెప్పకపోతుందా అన్నట్టు మొహం బిగించి నిలబడ్డాడు.

“ఎడంచేతిలోది మెత్తది,” అన్నాడు.

కళ్ళు తెరిచి చూసుకున్నాడు. ఎడంచేతిలో ఆ కొత్త పెట్టె నల్లది ఉంది.

వారం తిరక్కుండా ఆయనకు పదోన్నతి లభించింది. షెడ్డు ముందు నీడపట్టున ఒక కుర్చీ వేశారు. వచ్చినవాళ్ళతో మాట్లాడడం, ఏ కారుకి ఏం చెయ్యాలో చెప్పడం ఆయన బాధ్యతలు. వచ్చినవాళ్ళు తిన్నగా బావమరిదితోనే మాట్లాడుకునేవారు, ఏ కారుకి ఏం చెయ్యాలో లోపలివాళ్ళకు తెలుసు. అందుచేత కుర్చీలో కూర్చోవడమే ప్రధాన బాధ్యతగా మిగిలింది. అది ఆయన శ్రద్ధగా నిర్వర్తించాడు. ఇంటికెళ్ళాక భార్య గుండీలు విప్పుతూ, ఇవాళ ఏం చేశారని అడిగేది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది.

మిషను ఇప్పుడు పెయింటరు చేతికి వచ్చింది. ఆ రోజు నుంచీ వాడు గిల్లుడు బావని వెక్కిరించడం మానేశాడు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిస్తాడు, టీ వస్తే ముందు ఆయనకే అందిస్తాడు. ఇంతకాలం వాడి నోటికి హడలి చచ్చిన మనిషికి, ఈ మర్యాద ముందు తల ఎత్తడం అంతకన్నా కష్టమైంది.

ఓ మధ్యాహ్నం వాడు ఒక ప్యాడ్ పట్టుకుని కుర్చీ దగ్గరికి వచ్చాడు. “బావా, ఆ బూడిదరంగు కారు ఆఖరి మెరుగుకి ఇది సరిపోతుందా? ఒకసారి చూసి చెప్పు,” అన్నాడు.

ఆయన నిటారుగా కూర్చుని, కళ్ళు మూసి, గిల్లి, వదిలి, తల పంకించాడు. “ఇదీ,” అన్నాడు.

“అంతే బావా,” అని పెయింటరు ప్యాడ్ తీసుకుని లోపలికి వెళ్ళాడు.

చెయ్యి ఒళ్ళో పెట్టుకోబోతూ ఆయన వేళ్ళవంక చూసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ పాలిష్ ముద్ద అంటుకుని ఉంది. ప్యాడ్ అప్పటికే తడిసి, కారంతా తిరిగి వచ్చినది. లోపల మిషను శబ్దం లేదు. బూడిదరంగు కారుని అప్పుడే వెనక్కి తీస్తున్నారు, పనైపోయి.