పదకొండు లెక్కల ఆలస్యం

మాఘమాసం రెండో మంగళవారం, పగలు మూడుంబావుకు మొదలైంది ఈ ఆలస్యం. నల్లపాడులో మా ఇంటి వెనక రేకుల షెడ్డు కింద, మిరపకాయల టిక్కీల మధ్య, అంటే బస్తాల మధ్య, కుర్చీ వేసుకుని ఫోనులో లూడో తెరిచాను. అవతల పొదిలిలో మా వదిన, అంటే మావారి అక్క. రెండేళ్లుగా రోజూ మూడింటికి ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడుకుంటూ ఆడుకుంటాం.

"ఆరు పడింది. జరిపేశాను," అంది వదిన.

నా ఫోనులో కాయ కదల్లేదు. లెక్కపెట్టాను. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనం, లాభం అంటాం. నాకు అన్నిటికీ అదే లెక్క. లాభం, రెండు, మూడు... పదకొండుకి కదిలింది. ఈ ఆటలో వంతుకి పదిహేను సెకన్లే గడువు. నా వంతు నాకు కనిపించేసరికి నాలుగే మిగిలాయి. నేను నొక్కింది చేరేలోపు అవీ పోయాయి. అలా మూడు వంతులు తప్పితే ఆటలోంచి తోసేస్తుంది. రోజూ ఇదే వరస; పోయిన ప్రతి వంతూ మిరపకాయల లెక్కలు రాసే నోటుబుక్కులోనే రాసుకున్నాను.

తొమ్మిదో రోజున ఇక పట్టలేకపోయాను.

"అష్టాచెమ్మా ఆడేటప్పుడూ మీరు ఇంతేనండీ. కాయ మీద వేలు పెట్టి గంట ఆలోచించేవారు. ఇది తొండి కాకపోతే ఏంటి?"

"డెబ్బై నాలుగేళ్లొచ్చి నీ దగ్గర తొండాడతానంటావా? పెట్టెయ్ ఫోను."

ఆమే పెట్టేసింది. మర్నాటి నుంచి మూడింటికి నేను ఆట తెరిచినా ఆమె రాలేదు. నేను ఫోను చేయలేదు. ఎవరితోనో ఆడదామని చూశాను గానీ, మాటల్లేని ఆట ఉప్పులేని పప్పులా ఉంది.

మాటలు ఆగిన పన్నెండో రోజున ఊరమిరపకాయలు పొట్లం కట్టుకుని పొదిలి బస్సెక్కాను. వదిన ముందు పొట్లాన్ని చూసింది.

"ఎన్ని ఎండలు పెట్టావు?"

"అయిదు."

"సరే, కూర్చో. ఫోను తియ్యి. నీ కళ్లెదురుగానే జరుపుతాను."

ఇద్దరం ఒకే మంచం మీద కూర్చున్నాం. ఆమె కాయ జరిపింది. నేను లాభం అనేలోపే నా ఫోనులో కదిలింది. మూడు ఆటలు ఆడాం. ఒక్క వంతూ పోలేదు.

"ఇంటి దగ్గర ఎక్కడ కూర్చుని ఆడతావే?"

"షెడ్డులోనండీ. మిరపకాయకి కాపలాగా."

"పైన రేకు, చుట్టూ టిక్కీలు. సిగ్నలు ఎక్కణ్ణుంచి దూరుతుంది? అక్కడికి ఎప్పుడు మారావు?"

సంచీలోంచి నోటుబుక్కు తీశాను. కాయ షెడ్డుకి చేరింది సోమవారం సాయంత్రం. నేను కుర్చీ మార్చింది మంగళవారం. రాసి పెట్టుకుని కూడా చూసుకోలేదు.

"అయితే తొండి ఎవరిదంటావు?"

"నా కుర్చీదండీ."

వదిన నవ్వి, ఊరమిరపకాయలు వేయించడానికి లేచింది.

ఇప్పుడు వీధి వరండాలో కూర్చుంటున్నాను. ఆలస్యం రెండు లెక్కలు దాటడం లేదు. వదిన నిజంగా ఆలోచించేటప్పుడు మాత్రం పది దాటుతుంది. అది రాయడం మానేశాను.

పోయినవి: వంతులు నలభై మూడు. ఆటలు పన్నెండు. వదినతో మాట్లాడని మధ్యాహ్నాలు పదకొండు.