మత్తులో అన్న మాట

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని మత్తు మావయ్య అంటారు. రోగి ముఖం మీద గాజుగుడ్డ ముసుగు పెట్టి, దాని మీద ఘాటు వాసనేసే ఈథర్ మత్తుమందు చుక్క చుక్కగా వేస్తూ, చిటికెన వేలితో దవడ కింద నాడి చూస్తూ నిలబడతాడు. భగ్గున అంటుకునే సరుకు కనుక ఆ గదిలోకి అగ్గిపెట్టె రానివ్వడు. అక్కడి మాటల్ని బయటికి పోనివ్వడు. ఒళ్లు పూర్తిగా తెలియకుండా పోయేలోపు మనుషులు ఏదేదో వాగుతారు. అత్తల్ని తిడతారు, దాచుకున్న ప్రేమలు కక్కేస్తారు. మరుసటి నెలలో వాళ్లే బజారులో ఎదురైతే "బాగున్నారా?" అని మాత్రం అంటాడు.

ఓసారి ఆయన భార్యకే కడుపులో గడ్డ తీయాల్సి వచ్చింది. మత్తిచ్చేందుకు ఊళ్లో ఇంకో మనిషి లేడు. ఇరవై దాకా అంకెలు చెప్పి, ఆవిడ ముసుగులోంచే గొణిగింది. "ఈ వాసనే... పాతికేళ్లుగా నా పక్కలో ఇదే వాసన. కడుపులో తిప్పేస్తోందమ్మా." ఆయన చెయ్యి ఆగలేదు, చుక్క తప్పలేదు.

మెలకువొచ్చాక ఆవిడ అడిగింది, "నేనేమైనా వాగానా?"

"నువ్వా? బుద్ధిగా అంకెలు చెప్పావు."

ఆవిడ ఇంటికొచ్చినప్పట్నుంచీ, చలికి పళ్లు టకటకలాడుతున్నా, ఆయన ఆసుపత్రి కుళాయి కింద తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని మరీ ఇల్లు చేరుతున్నాడు. నెల తిరిగాక ఆవిడ ఆయన భుజం దగ్గర ముక్కు పెట్టి, "ఈమధ్య ఆ వాసనే రావట్లేదేమండీ? మందు మార్చారా?" అంది.

"ఆఁ, మార్చారు" అన్నాడాయన, ఇంకా ఆరని తల తుడుచుకుంటూ.