షరీఫ్ మేస్త్రీ కుడి పాదం

ఇందిరమ్మ ఇల్లు నాలుగు వందల చదరపు అడుగులకు తగ్గకూడదు, ఆరు వందలు దాటకూడదు. తగ్గినా బిల్లు రాదు, దాటినా రాదు. పంచాయతీ కార్యదర్శిగా నా పని పునాదికి ముగ్గు పోసే రోజు దగ్గరుండి కొలిపించడం, బేస్‌మెంట్ లేచాక మళ్లీ కొలిచి, ఇంటివాళ్లను నిలబెట్టి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం. ఈ పనిలో మనుషుల మీద నమ్మకానికి చోటు లేదు. నాకైతే అసలే లేదు.

అలాంటి నాకు, లింగాల ఘనపూర్ మండలంలోని ఈ ఊళ్లో షరీఫ్ మేస్త్రీ తగిలాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. టేపు ముట్టడు. చెప్పులు విడిచి, మడమకు వేలు ఆనించి పాదం వెంట పాదం వేస్తూ కొలుస్తాడు. పన్నెండు పాదాలకు పది అడుగులు. సత్తమ్మ ఇంటికి ముగ్గు పోసే రోజు పొద్దున్నే అది చూసి నాకు ఒళ్లు మండింది.

"చాచా, ఇది సర్కారు పని. టేపు పెట్టు."

"టేపు గుంజితే సాగుతది మేడం. కాలు సాగదు కదా" అన్నాడు నవ్వుతూ.

నేనే టేపు పట్టాను. ఇటు ఇరవై, అటు ఇరవై. వెంట్రుకవాసి తేడా లేదు. మొహం తిప్పుకుని నేల వైపు చూశాను. దుమ్ము లేవకుండా సత్తమ్మ నీళ్లు చల్లిన నేల అది. మేస్త్రీ అడుగులు ఒక్కొక్కటి అచ్చు పడి ఉన్నాయి. ఎడమ పాదానికి ఐదు వేళ్లు. కుడి పాదానికీ ఐదు వేళ్లు.

ఆయన గట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. కుడి చెప్పు ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. ఆ పాదానికి వేళ్లు లేవు. ఐదూ లేవు. కుట్లు మానిన చోట చర్మం నున్నగా మెరుస్తోంది.

రెండేళ్ల కింద సెంట్రింగ్ చెక్కలోని మేకు కాల్లో దిగిందట. షుగర్ ఉన్న ఒళ్లు, పుండు మానలేదు. జనగామ దవాఖానలో వేళ్లు తీసేశారు. ఇదంతా సత్తమ్మే చెప్పింది. నేను మళ్లీ అచ్చుల వైపు చూసేసరికి కూలీలు వాటి మీద సున్నం పోసుకుంటూ వెళ్లిపోయారు.

కొన్ని రోజుల తర్వాత, కొండల్ ఇంటి ముగ్గు దగ్గర, ఉండబట్టలేక అడిగేశాను. "చాచా, నీ కుడికాలు..."

ఆయన దాచలేదు. "నడిచేటప్పుడు ఉంటయి మేడం. కూసుంటే ఉండయి."

తీసేసిన వేళ్లు ఇంకా ఉన్నట్టే కొందరికి అనిపిస్తుందని నేను ఎక్కడో చదివాను. ఆయనకు అనిపించడం సరే. మట్టికి ఎలా అనిపించింది? ఈ ప్రశ్న ఎవరినీ అడగలేక నాలోనే పెట్టుకున్నాను. పెద్దసార్లకు రాసే రిపోర్టులో దానికి గడి లేదు.

అలా పదకొండు ఇళ్లు. ప్రతిసారీ ఆయన పాదం, నా టేపు ఒకే మాట చెప్పాయి. పన్నెండోసారికి నేను టేపు బ్యాగులోంచి తీయడం మానేశాను. భయపడి మానేశానా, నమ్మి మానేశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. ఆ పన్నెండోది షరీఫ్ మేస్త్రీ సొంత ఇల్లు.

పన్నెండో ఏట సున్నం తట్ట మోస్తూ ఈ పనిలోకి వచ్చిన మనిషి ఆయన. నర్సింహులపేట దాకా ఎన్నో ఊళ్లలో గోడలు లేపాడు. ఇంటివాళ్లు పాలు పొంగించే రోజు తాపీ, రసమట్టం సంచిలో వేసుకుని వెనక నుంచి వెళ్లిపోయేవాడు. తాను మాత్రం కిరాయి అర్రల్లో, అద్దె గదుల్లోనే ఉన్నాడు. ఏడు అర్రలు మారామని భార్య అక్బరీ బేగం వేళ్లు మడిచి చెప్పేది. కూతురు మెహనాజ్ పెళ్లి కూడా పక్కవాళ్ల వాకిట్లో చేశారు. ఇన్నాళ్లకు జాబితాలో బేగం పేరు వచ్చింది. షరీఫ్ తండ్రి వదిలిన జాగా ఒకటి ఉంది. వెడల్పు పదహారు అడుగులు, రెండు పక్కలా ఎవరివో గోడలు. కాబట్టి పొడవు ఇరవై ఐదు రావాల్సిందే. పడమట రోడ్డు, మురుగు మోరీ. తూర్పున మూడు నాలుగు అడుగులు మిగులుతాయి.

ముగ్గు రోజు ఆయన ముప్పై పాదాలు వేశాడు. నేను ఫొటో తీసి ఎక్కించాను. ఆయన మొహంలో చెమట చూసి సంతోషం అనుకున్నాను.

రాతి కట్టు లేచింది. మట్టి నింపక ముందు ఎందుకో టేపు తీశాను. ఇరవై రెండున్నర. మళ్లీ పట్టాను. ఇరవై రెండున్నరే. పదహారుతో గుణిస్తే మూడు వందల అరవై. నలభై చదరపు అడుగులు తక్కువ. ఫోన్‌లో ముగ్గు రోజు ఫొటో తెరిచి పెద్దది చేశాను. తడి మట్టిలో ఎడమ పాదం, ఐదు వేళ్లు. కుడి పాదం, మొండిది. అడుగు అడుగునా మొండిదే.

"నాకు తెలుసు మేడం" అన్నాడు షరీఫ్. "ఆ దినం వేళ్లు రాలే. ఎంత నడిచినా రాలే."

"తెలిసి కూడా కట్టిస్తివా చాచా? టేపు పెడితే పోయేది కదా!"

"ఇయ్యాల కాకున్నా రేపన్న వస్తయి అనుకున్న. మంది ఇండ్లల్ల వచ్చి నా ఇంట్ల రాకుంటయా?"

నేను అరిచాను. గడువు ఎనిమిది రోజులే ఉంది, అప్పటికి నాలుగు వందలు చూపకపోతే ఇల్లు రద్దవుతుంది, జాబితాలో వెనకవాళ్లకు పోతుంది. అరిచిన కోపంలో సగం నా మీదే. ఆ రోజు టేపు తీయనిది నేను. తూర్పు వైపు రెండున్నర అడుగులు పెంచి కట్టుకోండి, జాగా ఉంది కదా అన్నాను.

షరీఫ్ తల అడ్డంగా ఊపాడు. "ఆ మూల తవ్వద్దు."

అక్బరీ బేగం అప్పటిదాకా మూలనున్న ఒక చిన్న రాయి దగ్గర నిలబడి ఉంది. ఒక్కసారిగా ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"జర నువ్వన్న చెప్పు మేడం. దవాఖానోళ్లు ఆ వేళ్లు కవర్ల పెట్టి ఇచ్చిండ్రు. మాలో పారెయ్యరు, పాతిపెడ్తరు. ఖబరస్తాన్ల పెట్టుమని అందరు చెప్పిండ్రు. ఈయన ఇన్లే. ఈ మూలల తెచ్చి పాతిండు. ఏమన్నడో తెలుసా? నా కాళ్లు జిందగీ మొత్తం మంది జాగల్నే నడిచినయి, ఐదు వేళ్లన్న నా జాగల ఉండనియ్యి అన్నడు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "చచ్చిన వేళ్లకు జాగ కావాలె. బతికున్న నేను ఎనిమిదో అర్రకు పోవాల్నా?"

నాకు ఆయన మీద జాలి కలిగింది, ఆమె మీద ఇంకా ఎక్కువ కలిగింది.

మూడో రోజు పదకొండు గంటల ఎండలో షరీఫ్ ఆ మూల తవ్వాడు. కూలీలను ముట్టనివ్వలేదు. గునపం కాదు, తాపీతోనే, పొర పొరగా తీశాడు. మోకాలి లోతున తెల్లగుడ్డ తగిలింది. మట్టి రంగు పట్టింది కానీ చిరగలేదు. మూడు ముళ్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆయన ముళ్ల మీద చెయ్యి ఆడిస్తూ, "నేనే ఏసిన, గివి నా ముళ్లే" అన్నాడు. ఒక్కొక్కటి విప్పాడు.

లోపల ఏమీ లేదు. ఎముక లేదు, గోరు లేదు, మరక కూడా లేదు. ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.

బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షరీఫ్ గుడ్డను ఇటూ అటూ తిప్పి చూసి, మడత పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఇంక ఊర్లెనే తిరుగుతున్నయి" అన్నాడు మెల్లగా. పశువు సాయంత్రం ఇంటికి రాకపోతే రైతు అనే గొంతుతో అన్నాడు.

పునాది పెంచారు. ఈసారి నేను పొద్దున, మధ్యాహ్నం టేపు పట్టి చూశాను, సిగ్గుపడలేదు. మట్టి నింపి, గడువుకు ముందు రోజు సాయంత్రం పైన కాంక్రీట్ బెడ్డు పోశారు. ఎవరూ తొక్కకుండా రోడ్డు వైపు ముళ్లకంప అడ్డం పెట్టారు. ఆ పక్క ఈ పక్క నిలువెత్తు గోడలే.

తెల్లవారి ఎనిమిదికి ఫొటో కోసం వెళ్లాను. భార్యాభర్తలిద్దరూ కంప బయట బెడ్డు వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. కంప కదిలిన జాడ లేదు. గట్టిపడ్డ బెడ్డు మీద, గుమ్మం రావాల్సిన చోటు నుంచి తూర్పు మూల దాకా, పాదాల అచ్చులు. అన్నీ కుడి పాదాలే. ఎడమ పాదం పడాల్సిన ప్రతిచోటా ఒక పాదమంత జాగా ఖాళీగా వదిలి, మళ్లీ కుడి పాదం. లెక్కపెట్టాను. పదిహేను. ముప్పైలో సగం. ప్రతి అచ్చుకూ ఐదు వేళ్లు ఉన్నాయి, అన్నీ తూర్పు వైపే చూస్తున్నాయి. తిరిగి బయటికి వచ్చిన అచ్చు ఒక్కటీ లేదు.

నేను టేపు తీస్తే కొసను బేగం పట్టుకుంది. ఇరవై ఐదు. పదహారు. నాలుగు వందలు.

"సిమెంటు పూసేద్దామా?" అంది బేగం గొంతు తగ్గించి.

"వద్దు" అన్నాడు షరీఫ్. చెప్పులు విడిచి, బెడ్డు ఎక్కి, అచ్చుల పక్కనుంచే మూల దాకా నడిచాడు. చివరి అచ్చులో తన మొండి పాదం పెట్టాడు. మడమ సరిగ్గా కూర్చుంది. ముందు వేళ్ల చోటు ఖాళీగా ఉంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. చూస్తుండగానే ఆయన పాదం ముందున్న ఆ ఐదు గుంటల్లో మంచుతడి మెల్లగా ఆరిపోయింది, ఎవరో వేళ్లు పెట్టి అదిమినట్టు.

నేను ఫొటో తీశాను. నా పని అదే కదా.

"కల్పనా, బిడ్డా" అన్నాడు కళ్లు తెరవకుండా. అంతకు ముందు నన్ను ఎప్పుడూ మేడం అనే పిలిచేవాడు. "ఇగ ఎవలింటి ముగ్గుకు నన్ను పిలవకు. టేపు వట్టుకపో. ఇవి ఇంట్లకెల్లి బయటికి రావు."